మబ్బుగ్రహం నా కన్నే

సోమవారం, 3వ తేదీ

నా పేరు సైరనమ్మ. కాగితాల మీద ఇంకో పేరుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్లు పోయి చాలా కాలమైంది. మెట్ల దగ్గర నిలబడి నేను ఒక్క కేక వేస్తే నాలుగో అంతస్తులో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చుంటారని ఈ బిల్డింగువాళ్లు పెట్టిన పేరిది. నాకు నచ్చింది, ఉంచుకున్నాను. వయసు డెబ్బై నాలుగో, డెబ్బై ఆరో. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి రిటైరయ్యాను. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో నేను, నా కొడుకు లిఫ్టు మెకానిక్కు, వాడి పెళ్లాం. నా కూతురు, అంటే మా పెద్దది, బస్సులో వచ్చేంత దూరంలో ఉంటుంది. బస్సులో వస్తూనే ఉంటుంది.

నాకు చదువు రాదు. ఇది రాస్తున్నది కింది వాటాలో ఉండే టైపిస్టు. కోర్టులో జీవితమంతా టైపు కొట్టి వచ్చిన మనిషి. నేను "మా ఇల్లు" అంటే ఆవిడ "సదరు గృహము" అని రాయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. నా నోట్లోంచి వచ్చిందే రాయి, నీ కోర్టు నీ దగ్గరే పెట్టుకో అన్నాను.

"సరే అక్కయ్యగారూ, తిట్లు కూడా రాయనా?" అంది.

ముందు అవే రాయమన్నాను.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. నిన్న మా ఇంట్లో నా కన్ను గురించి అందరూ గొంతులు చించుకున్నారు. ఆ కన్ను ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్లకి చెప్పే అలవాటు నాకు లేదు. అందుకని నాకు నేనే చెప్పుకుంటున్నాను. రేపు మతి తప్పితే టైపిస్టు చదివి వినిపిస్తుంది.

జరిగింది ఇదీ. శనివారం కంటి ఆస్పత్రికి వెళ్లాం, నేనూ కొడుకూ కోడలూ. కుడి కంటికి ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా పాలల్లో మునిగినట్టు కనబడుతున్నాడు. డాక్టరు లైటు వేసి చూశాడు. చూసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"రెండేళ్ల కిందటే చెప్పాను కదా మామ్మగారూ, శుక్లం తీసేద్దామని. ఇదిగో వస్తానని వెళ్లినవారు ఇప్పుడా రావడం? రాయిలా ముదిరిపోయింది. ఆపరేషను చేస్తాను. చూపు వస్తుందని మాత్రం మాటివ్వలేను."

నా కొడుకు నా మొహం చూశాడు. కోడలు మెల్లగా, "తొందరేం లేదన్నారని చెప్పారు కదా అత్తయ్యా" అంది.

నేను గోడ మీద అక్షరాల పటం చూస్తూ కూర్చున్నాను. ఆ అక్షరాలు నాకు రెండు కళ్లూ బాగున్న రోజుల్లో కూడా అర్థం కాలేదు.

నిన్న పెద్దది బస్సు దిగింది. చేతిసంచీ కింద పెట్టకుండానే కోడలి మీద పడింది. "ఏమే, నీ సినిమా కోసం మా అమ్మ కన్ను మింగేశావు కదే!"

సినిమాకీ కంటికీ సంబంధమేమిటో చెప్పమంటోంది టైపిస్టు. ఈవిడకి తెలుసు. అయినా కేసన్నాక మొదటినుంచీ ఉండాలట. సరే, రాయి.

మా కోడలు పెళ్లి వీడియోలు కోసి అతికే పని చేస్తుంది. అది పొట్ట కోసం. నాలుగేళ్లు పట్టి తన కోసం ఒక సినిమా తీసుకుంది. కంపెనీ లేదు, పెట్టుబడి పెట్టేవాడు లేడు, మా ఇల్లే స్టూడియో. కథేమిటంటే, మనుషులున్న నేల పాడైపోయింది. ఒక ఓడ, నీళ్ల మీద పోయేది కాదు, ఆకాశంలో పోయేది, జనాన్ని నిద్రపుచ్చి ఎక్కడో ఉన్న కొత్త గ్రహానికి తీసుకుపోతోంది. అందరూ నిద్రలో ఉంటే కాపలాకి ఒక ముసలిదాన్ని మెలకువగా ఉంచారు. ఆ ముసలిది నేను. వాళ్లు వెళ్లే గ్రహం నిండా తెల్లటి మబ్బులు. కింద నేలుందో లేదో తెలీదు. ఆ గ్రహం కూడా నేనే. నా కుడి కన్ను. దగ్గరి లెన్సు పెట్టి, పక్కనించి చిన్న లైటు వేసి తీసింది.

సినిమా పేరు మబ్బుగ్రహం. చిన్న సినిమాల వేడుకలో వెయ్యడానికి ఎంచుకున్నామని పోయిన నెల కబురొచ్చింది. ఆ రోజు మావాడు ఎవర్నో లిఫ్టులో సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

నిన్న పెద్దది అన్నన్ని మాటలంటే కోడలు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అంతా విని, "వదినా, ఆ సినిమా ఎక్కడా వెయ్యను. వద్దని వాళ్లకి చెప్పేస్తాను" అంది.

అదీ కేసు. నా కన్ను పెట్టి తీసిన సినిమాని వెయ్యననడానికి ఈవిడెవరు?

మంగళవారం, 4వ తేదీ

కోడలు కంప్యూటరు మీద దుప్పటి కప్పేసింది. అన్నం కెలికి లేచిపోయింది. నాకేం, నేను తిన్నాను. సగం తిన్నాను.

బుధవారం, 5వ తేదీ

డైరెక్టరుగారి నేరాలు చెబుతాను, ఒక్కటి వదలకుండా రాయి.

నా పెళ్లినాటి ఇనప బీరువాకి వెండిరంగు పూసింది. దాని తలుపు తీస్తే కిర్రుమంటుంది. ఓడ తలుపు చప్పుడు అదేనట. ఆ కిర్రు పోతుందని నాలుగేళ్లు నన్ను నూనె చుక్క వెయ్యనివ్వలేదు. రోజూ పొద్దున చీర తీసుకోవాలంటే అంతరిక్షంలోకి వెళ్లొచ్చినట్టుండేది.

మావాడు పాత సామాన్లలోంచి తెచ్చిన లిఫ్టు బోర్డు వంటింటి గోడకి బిగించింది. అదే ఓడ నడిపే యంత్రం. అంకెల మీద నల్ల టేపు అంటించింది, పైకి కిందికి బాణాలు మాత్రం ఉంచింది. అంత పెద్ద ఓడకీ రెండే మీటలా అని అడిగాను. "పైకీ కిందికీ కాకుండా ఇంకెక్కడికి వెళతాం అత్తయ్యా?" అంది. ఆ మాట మూడు రోజులు నా బుర్రలో తిరిగింది.

నా నల్ల గొడుగుని సూదితో పొడిచి పొడిచి వెనక బల్బు పెట్టింది. నక్షత్రాలు. తర్వాత వానలో సంగతి మర్చిపోయి అదే గొడుగు వేసుకుని బజారుకి వెళ్లాను. నక్షత్రాలన్నీ నా నెత్తిన కారాయి.

బిల్డింగువాళ్లని బల్లల మీద వరసగా పడుకోబెట్టి ప్లాస్టిక్ కప్పింది. నిద్రపోయే జనం వాళ్లే. పంపులు బాగుచేసేవాడు కెమెరా పెట్టకముందే నిజంగా నిద్రపోయి గురక మొదలెట్టాడు. లేపబోతే వద్దంది. ఆ గురకే సినిమాలో ఓడ ఇంజను. వింటే నమ్మరు, గుండెలో దడ పుడుతుంది. ఆ పడుకున్నవాళ్లలో టైపిస్టు కూడా ఉంది. "ముక్కు మీద దురద పుట్టినా కదల్లేదు అక్కయ్యగారూ, అది రాయొచ్చా?" అంటోంది. రాసుకో.

మాటల సంగతి. నాకు చదవడం రాదు కాబట్టి తనే చదివి వినిపించేది. మొదటి రోజు చదివింది: "తోటి ప్రయాణికులారా, మీ నిద్ర నా బాధ్యత." ఎవరంటారే అలా, అన్నాను. అంతమంది హాయిగా పడుకుని ఉంటే నేనొక్కదాన్నే లేచి కూర్చుంటే నాకు వచ్చేది ఒళ్లుమంట. "పడుకోండర్రా పడుకోండి, మీ బతుకులన్నీ నా మెడకి చుట్టి బాగానే పడుకున్నారు" అంటాను నేనైతే. తను చేతిలో కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మళ్లీ అనండి అత్తయ్యా." ఆ తర్వాత మాటలు చదివి వినిపించడం మానేసింది. విషయం చెప్పేది, నేను తిట్టేదాన్ని, తను తీసేది.

ఒక్కసారి గొంతు పెంచలేదు. మావాడు లైటు పట్టుకుని కునికినా పెంచలేదు. సాయంత్రం వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి బీరువా మీద పడేది కాసేపే. ఆ కాసేపటి కోసం రోజంతా కాచుక్కూర్చునేది. మబ్బు పట్టి ఎండ రాకపోతే, "రేపొస్తుందిలే" అని కెమెరా సర్దేసి పెళ్లి వీడియోలు అతకడానికి కూర్చునేది. ఆ ఓపిక చూస్తే నాకు కోపం వచ్చేది. తిట్టడానికి సందు దొరకని మనిషితో కాపురం కష్టం.

అన్నిటికన్నా పెద్ద నేరం, కథ ఆఖరు చెప్పదు. ఎవరికీ చెప్పదు, మొగుడికి కూడా. ఏ రోజు సీను ఆ రోజే. ఓడ దిగుతుందా, అందరూ చస్తారా, నేను చస్తానా అని అడిగితే, "రేపటిది రేపే అత్తయ్యా. ఆఖరు తెలిస్తే మీ మొహంలో ముందే కనబడిపోతుంది" అనేది.

కన్ను విషయానికొస్తాను. ఒకరోజు నలక పడిందేమో చూడవే అన్నాను. రెప్ప ఎత్తి చూసింది. నలక తియ్యలేదు. "అత్తయ్యా, కదలకండి" అని కెమెరా తెచ్చింది. తీసి, నాకే చూపించింది. చుట్టూ చీకటి, మధ్యలో గుండ్రంగా, పొగ చుట్టుకున్నట్టు. పొర అనుకున్నానా ఇన్నాళ్లూ? మబ్బులవి. నా కంట్లో అంత ఆకాశం ఉందని నాకెవరూ చెప్పలేదు. అద్దంలో చూసుకుంటే ముసలి కన్ను. ఈవిడ చూస్తే గ్రహం.

ఓడ దగ్గరికి పోయేకొద్దీ మబ్బు చిక్కబడాలట. అందుకని అప్పుడప్పుడూ తీస్తూ వచ్చింది. నా కంట్లో అదీ చిక్కబడుతూ వచ్చింది.

ఆ మధ్యలోనే డాక్టరు తీసేద్దామన్నాడు. తర్వాత వస్తానన్నాను. ఎందుకంటే ఆ డాక్టరు మరీ కుర్రాడు. మీసం కూడా సరిగ్గా లేదు. అదీ కారణం.

టైపిస్టు పెన్ను ఆపి నన్ను చూస్తోంది. మీసం సంగతే రాయి అన్నాను.

గురువారం, 6వ తేదీ

పెద్దది మళ్లీ వచ్చింది. ఈసారి నల్ల కళ్లద్దాలు, చుక్కల మందు, మెత్తటి తలగడ తెచ్చింది. సోమవారం ఆపరేషను.

"రెండేళ్లు ఎందుకు దాచావమ్మా?"

"ఎండాకాలంలో కంటి ఆపరేషను మంచిది కాదు."

"రెండేళ్లూ ఎండాకాలమేనా?"

"వానాకాలంలో తడి."

"అమ్మా!"

"అరవకు. బిల్డింగులో సైరను ఒకటే ఉండాలి."

మా వాడు నవ్వబోయి దగ్గాడు. పెద్దది వాడి మీదికి తిరిగింది. "నీకేంరా, పెళ్లాం సినిమా అంటే లైటు పట్టుకుని నిలబడతావు. అమ్మ కన్ను పోతుంటే కనబడలేదా నీకు?"

వాడు, "కనబడింది అక్కా. అమ్మ చెప్పింది నమ్మాను" అన్నాడు.

"నువ్వు నమ్ముతావు. నీ పెళ్లాం సినిమా తీసుకుంటుంది."

కోడలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆ మాటకి గిన్నెల చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. అంతే.

పెద్దది నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "నీకు కన్ను కావాలా, సినిమా కావాలా? ఒక్క మాట చెప్పు."

"నీ నోటికి మూత కావాలి" అన్నాను.

ఏడ్చింది. దాని నోరు నాదే. నా దగ్గర నేర్చుకుని నా మీదే వాడుతుంది. అది ఏడిస్తే మాత్రం చూడలేను. మంచి కంటితో కూడా.

శుక్రవారం, 7వ తేదీ

ఇవాళ చాలా ఉంది. టైపిస్టు, చెయ్యి విదిలించుకుని కూర్చో.

మధ్యాహ్నం ఇంట్లో నేనూ కోడలూ తప్ప ఎవరూ లేరు. తను బీరువా దగ్గర నిలబడి, తలుపు బందులకి నూనె రాస్తోంది. నాలుగేళ్లు రాయనివ్వనిది తనే రాస్తోంది. ఇక అక్కర్లేదనేగా! నాకు కడుపు మండింది.

"ఆపు" అన్నాను. "ఆ సినిమా వెయ్యనంటున్నావు కాబట్టి ఇప్పుడైనా ఆఖరు చెప్పు. దిగుతామా, చస్తామా?"

"ఇప్పుడెందుకు అత్తయ్యా?"

"నాలుగేళ్లు కాపలా కాశాను. నాకు తెలియాలి."

నూనె సీసా కింద పెట్టింది. గోడకి ఆనుకుని కూర్చుంది. "మీరు కిందికి బాణం నొక్కుతారు. ఆ సీను ఎప్పుడో తీశాం, మీకు గుర్తుందా? నొక్కి కిటికీ దగ్గరికి వస్తారు. అప్పుడు మబ్బు తొలగాలి. కింద నేల, నీళ్లు కనబడాలి. అదొక్కటే లేదు నా దగ్గర. వేడుకవాళ్లకి పంపినదాంట్లో ఆఖర్న ఖాళీ తెల్లతెర పెట్టాను. అసలుది ఇరవై రెండో తేదీలోగా పంపుతానని చెప్పాను."

"మబ్బు ఎలా తొలగుతుంది?"

"మీకు ఆపరేషను అయితే తొలగుతుంది కదా. అదే కన్ను, అదే లైటు, అదే చోటు. మొదటినుంచీ అదే అనుకున్నాను. డాక్టరు ఎప్పుడు తీసేద్దామంటాడా అని రెండేళ్లనించీ చూస్తున్నాను."

నాకు నోట మాట రాలేదు. టైపిస్టు, ఈ వాక్యం కింద గీత గియ్యి, మళ్లీ ఈ జన్మలో రాదు.

"మరి అడగలేదేం?" అన్నాను చివరికి.

"ఏ నోటితో అడగను? నా సినిమాకి ఆఖరి సీను కావాలి, వెళ్లి కన్ను కోయించుకోండి అనా? తొందరేం లేదన్నాడని మీరు చెప్పారు. మీకు భయమేమో అనుకున్నాను. భయపడేవాళ్లని తొందరపెట్టకూడదని ఊరుకున్నాను."

"భయమా? నాకా?"

"మరెందుకు ఆగారు?"

మీసం సంగతి చెబుదామనుకున్నాను. ఎండాకాలం సంగతి చెబుదామనుకున్నాను. నోరు జారింది. "మబ్బు పోతే నీ గ్రహం పోతుంది కదే" అన్నాను.

తను నన్ను చూసింది. నేను బీరువాని చూశాను. ముందు తను నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత అది నవ్వు కాదు. నేనూ నేల మీదే కూర్చున్నాను. మోకాళ్లు ఒప్పుకోలేదు గానీ కూర్చున్నాను. తర్వాత మేం మాట్లాడుకున్నది రాయొద్దు.

లేచేటప్పుడు మాత్రం తను అన్నది రాయి. "మీ చూపు వస్తే తీద్దాం. రాకపోతే ఆ సినిమా మొహం నేను చూడలేను అత్తయ్యా. అప్పుడు నన్ను బలవంతపెట్టొద్దు."

టైపిస్టు కళ్లు తుడుచుకుంటూ, బుధవారం రాసిన మీసం సంగతి కొట్టెయ్యనా అంటోంది. ఉంచు. మీసం లేనిమాట నిజమే కదా.

ఆదివారం, 9వ తేదీ

రేపు ఆపరేషను. ఒకవేళకి చెబుతున్నాను. చూపు రాకపోయినా సినిమా వెయ్యాలి. ఆఖర్న తెల్లతెరే వెయ్యాల్సొస్తే తెల్లతెరే వెయ్యాలి. కన్ను నాది, మబ్బు నాది, ఆగింది నేను. ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు. మోసం చేసింది నేనే, అదీ ఆ పిల్లనే.

భయమేం లేదు. టైపిస్టుని కాసేపు ఇక్కడే కూర్చోమన్నాను, ఊరికే.

మంగళవారం, 11వ తేదీ

కట్టు విప్పారు. మబ్బే.

లోపల వాపుందట, తగ్గాలట. తగ్గుతుందా అంటే డాక్టరు పైకి చూశాడు. వాళ్ల పైన ఎవరున్నారో.

బుధవారం, 12వ తేదీ

మబ్బే.

గురువారం, 13వ తేదీ

మబ్బే. పెద్దది వెళ్లలేదు, ఇక్కడే ఉంది. చుక్కల మందు కోడలు వేస్తుంది. దూది పెద్దది పట్టుకుంటుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. సీసా, దూది, సీసా, దూది. మావాడు లిఫ్టులు బాగుచెయ్యడానికి వెళ్లి ఊరికే ఫోన్లు చేస్తున్నాడు, ఏం కనబడుతోందమ్మా అని. ఫోను మోగడం వినబడుతోందిరా అన్నాను.

శుక్రవారం, 14వ తేదీ

ఏమీ రాయొద్దు ఇవాళ.

శనివారం, 15వ తేదీ

ఫాను రెక్కలు! మూడు!

పడుకుని ఉన్నాను. ఎడమ కన్ను చేత్తో మూశాను, రోజూ చేసేదే. పైన ఏదో బూడిదరంగుది గిర్రున తిరుగుతోంది. ఇంకాసేపు చూస్తే రెక్కలు. ఒక రెక్క మీద దుమ్ము. కేకేశాను. నాలుగో అంతస్తువాళ్లు కూడా దిగివచ్చారు. పెద్దది చేతిలో దూదితో, కోడలు చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చారు.

"ఈ ఇంట్లో ఫాను తుడిచి ఎన్నాళ్లయింది?" అన్నాను.

పెద్దది కోడల్ని కావలించుకుంది. దూది ఇద్దరి మధ్యా నలిగిపోయింది. నేను చూశాను, కుడి కంటితోనే చూశాను.

సోమవారం, 17వ తేదీ

బతికాను. గుండెల మీంచి ఎవరో బండ దింపినట్టుంది. తేట పడుతోంది గంట గంటకీ. డాక్టరు మళ్లీ చూసి, ఈసారి పైకి చూడలేదు, నన్నే చూసి నవ్వాడు. మీసం పెంచుతున్నాడు, బాగుంది. "మామ్మగారూ, మీరు గట్టివారు" అన్నాడు. "నువ్వూ పనికొస్తావు" అన్నాను.

మా వాడికి చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు. కోడలు ఇంత చిక్కిపోయిందేమిటి? ఈ రెండేళ్లూ నా కళ్ల ముందే ఉంది కదా.

బుధవారం, 19వ తేదీ

తీశాం!

కంటి మీద లైటు వెయ్యొచ్చా అని కోడలు డాక్టరుని ముందే అడిగి వచ్చింది. చిన్నది అయితే కాసేపు పరవాలేదన్నాడు. కిటికీలకి దుప్పట్లు కట్టాం. మా వాడు పనిమీద ఉన్నాడు. లైటు ఎవరు పట్టుకోవాలి? పెద్దది, "ఇటివ్వు" అంది. వంకరగా పట్టుకుంది. కోడలు, "వదినా, కొంచెం కిందికి" అంది. "ఇంత చాలా?" "చాలు వదినా, ఊపిరి తీసుకోండి, పడిపోతారు." అది ఊపిరి బిగబట్టి నిలబడింది మరి.

"అత్తయ్యా, కదలకండి."

కదల్లేదు. ఈసారి లెన్సు వెనక కోడలి కన్ను కూడా నాకు కనబడింది. ఇన్నాళ్లూ అది నన్ను చూడటమే గానీ నేను దాన్ని చూడలేదు.

ఏం వచ్చిందో చూపించమన్నాను. చూపించలేదు. రేపటిది రేపేనట. కంప్యూటరు మీద దుప్పటి తీసేసింది, అది చాలు. ఇరవై ఒకటికల్లా పంపేస్తుందట.

ఆదివారం, 30వ తేదీ

హాలు పెద్దదేం కాదు. మా లాండ్రీ అంత ఉంటుంది. అయినా నిండింది. ముందు వరస మాది. పంపులవాడు కొత్త చొక్కాలో వచ్చాడు, తన గురకకి పేరు వేశారో లేదో చూసుకోవాలట. వేశారు.

నేను ఎడమ కన్ను చేత్తో మూసుకుని మొత్తం కుడి కంటితోనే చూశాను. పెద్దది నల్లద్దాలు పెట్టుకోమని పోరుతూనే ఉంది.

అది మా వంటిల్లు కాదు. నాకు తెలుసు మా వంటిల్లే అని. ఆ గోడ, ఆ కిటికీ, ఆ బోర్డు. అయినా కాదు. బీరువా కిర్రుమంటే హాలంతా నిటారుగా కూర్చుంది. నా గొడుగు చిల్లుల కింద ఒక ముసలిది ఒంటరిగా తిరుగుతోంది, నిద్రపోయేవాళ్లని తిడుతూ వాళ్ల దుప్పట్లు సర్దుతోంది. జనం నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో తెలీదు, చూస్తే ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ కదలడం లేదు. ఇదంతా ఈ పిల్ల పెళ్లి వీడియోల మధ్య, అన్నం వండుకుంటూ, ఎండ కోసం కాచుకుంటూ మనసులో పెట్టుకు తిరిగిందా? ఒక్క మాట బయటికి రాకుండా? నేను ఇంట్లోనే ఉన్నాను, నాకే తెలీలేదు. వెనక వరసలో ఎవరో, "ఎంత బాగా తీసింది" అని గొణిగితే, తిరిగి "మా కోడలు" అన్నాను. పెద్దది ష్ అంది.

ఆఖరు వచ్చింది. ముసలిది కిందికి బాణం నొక్కింది. కిటికీలో తెల్లటి గ్రహం తెరంతా నిండింది. రెండేళ్లు నేను దాచుకున్న మబ్బు. చూస్తుండగానే పలచబడింది. విడిపోయింది. చుట్టూ గోధుమరంగు నేల, గీతలు గీతలుగా, ఏరులు పారి ఎండినట్టు. మధ్యలో నల్లటి నీళ్లు. ఆ నీళ్ల మీద ఒక మెరుపు. డాక్టరు లోపల పెట్టిన కొత్త అద్దమది, నాకు తెలుసు. తెలిసినా, నీళ్ల మీద ఎండ పడినట్టే ఉంది. ఆ కంటినే ఆ కంటితో చూశాను. అలా చూసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి.

అప్పుడు తెరమీద నా గొంతు. ఎప్పుడో కోడలు నన్ను మెట్ల దగ్గర నిలబెట్టి అరిపించింది, ఎందుకో చెప్పలేదు.

"లేవండర్రా! వచ్చేశాం! లేవండి!"

హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు. కొందరు ఏడుస్తున్నారు. పెద్దది నా భుజం తడిపేసింది. మావాడు లైటు పట్టుకున్నట్టే చెయ్యి పైకెత్తి నిలబడిపోయాడు.

తర్వాత డైరెక్టర్ని వేదిక మీదికి పిలిచారు. నీలం చీరలో సన్నగా నిలబడింది. ఎవరో అడిగారు, ఆ గ్రహాన్ని ఏ కంప్యూటరులో చేశారని.

"కంప్యూటరులో చెయ్యలేదండీ. మా అత్తయ్య కంట్లో పెరిగింది. నా కోసం దాచిపెట్టారు" అంది.

అందరూ ఇటు తిరిగారు. నేను నల్లద్దాలు పెట్టుకున్నాను. అప్పుడు అవసరం పడ్డాయి.

సోమవారం, 31వ తేదీ

కేసు ముగిస్తున్నాను.

నేను సైరనమ్మని. ఒంటి మీద తెలివితో, రెండు కళ్లతో చెబుతున్నాను. ఈ కన్ను నేను నా ఇష్టంతో ఇచ్చాను, మళ్లీ నాకే తిరిగొచ్చింది. డైరెక్టరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, గొడుగు తప్ప. మావాళ్లెవరైనా ఈ విషయం మళ్లీ ఎత్తితే టైపిస్టు ఇదంతా మొదటినుంచీ చదివి వినిపిస్తుంది. మీసంతో సహా. అది విన్నాక మళ్లీ ఎవరూ ఎత్తరు.

సాక్షులుగా ముగ్గుర్ని పిలిచాను. డైరెక్టర్ని పిలవలేదు. ముద్దాయి సాక్షిగా ఉండకూడదని టైపిస్టు చెప్పింది. అయినా వచ్చింది. టీ కప్పు పట్టుకుని నా వెనక నిలబడింది.

బొటనవేలికి సిరా పూసుకుని ఎత్తాను. వెనకనించి టీ తాగే చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే తను నా వేలి చివర్నే చూస్తోంది. గీతలు గీతలుగా, చుట్టలు చుట్టుకుని, నల్లగా మెరుస్తూ ఉంది వేలు. కప్పు కింద పెట్టింది.

"అత్తయ్యా, కదలకండి."

"ఏమైందే? ఏం కనబడింది నీకు?"

"ఏం లేదు. రేపటిది రేపే."

లెన్సు తేవడానికి లోపలికి పరిగెత్తింది. నేను వేలు ఎత్తిపట్టుకుని కూర్చున్నాను. సిరా ఆరిపోతోంది. ఆరనీ, మళ్లీ పూసుకోవచ్చు.

నిశాని: సైరనమ్మ, ఎడమ చేతి బొటనవేలు (కుడి చేతిది డైరెక్టరు దగ్గర ఉంది)

సాక్షులు:
లిఫ్టు మెకానిక్కు, కొడుకు
పెద్దది, కూతురు. లైటు పట్టుకున్నది నేనే
టైపిస్టు, కింది వాటా. సదరు తిట్లన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను